విద్యార్థులకు రెండు రోజుల ట్రాన్స్‌జెండర్ అవగాహన శిక్షణ: తిరుపతి అధ్యాపకురాలి సమీక్ష

తిరుపతి కేంద్రంగా పనిచేస్తున్న ఒక చిన్న బృందం ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల జీవితానుభవాలను డిగ్రీ విద్యార్థులకు అర్థమయ్యేలా చెప్పేందుకు రెండు రోజుల శిక్షణ ఇస్తోంది. మా కళాశాలలో ఆ కార్యక్రమాన్ని ఏర్పాటు చేసిన అధ్యాపకుల్లో నేనొకరిని. మొదటి నుంచి చివరి వరకు కూర్చుని చూశాను కనుక, ఇలాంటి శిక్షణ పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్న ఇతర కళాశాలల వారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను. బృందం పేరు రాయడం లేదు. అందులో కొందరు నగరంలో అద్దె ఇళ్లలో ఉంటున్నారు, తమ గురించి ఇంటి యజమానులకు ఎంత చెప్పాలో తామే నిర్ణయించుకోవాలని కోరుకుంటున్నారు. అందుకే పేర్లు, ఫొటోలు బయట పెట్టవద్దని ముందే అడిగారు. పత్రికల వారిని పిలవకూడదన్న షరతు కూడా ఈ కారణంతోనే పెట్టారు. ఆ షరతు విన్నప్పుడే వీరు పని మీద శ్రద్ధ ఉన్నవారన్న నమ్మకం నాకు కలిగింది.

బృందంలో ఇద్దరు ట్రాన్స్ మహిళలు (మగపిల్లలుగా పెరిగి, తాము ఆడవాళ్లమని తెలుసుకున్నవారు), ఒక మనస్తత్వ సలహాదారు, ఒక న్యాయవాది ఉన్నారు. ఒక విడతకు అరవై మంది విద్యార్థులకు మించి తీసుకోరు. రెండు రోజులకు రూ.18,000 తీసుకుంటారు. ఇంత మొత్తం దేనికని మా యాజమాన్యంలో కొందరు అడిగారు. ఇతర అంశాల మీద మాట్లాడటానికి వచ్చే నిపుణులకు పారితోషికం ఇస్తూ, తమ జీవితాన్నే పాఠంగా చెప్పేవారు మాత్రం ఉచితంగా రావాలనుకోవడం న్యాయం కాదు. నా దృష్టిలో ఇది తగిన రుసుమే.

మొదటి రోజు ఉదయమంతా ప్రశ్నలకే కేటాయించారు. ప్రతి విద్యార్థి చేతికి ఖాళీ చీటీలు ఇచ్చి, పేరు రాయకుండా, మనసులో ఉన్నది ఉన్నట్టు రాసి పెట్టెలో వేయమన్నారు. ఎంత మొరటు ప్రశ్న అయినా ఫరవాలేదని, మర్యాద కోసం దాచుకున్న ప్రశ్న తర్వాత వీధిలో వెక్కిరింతగా బయటికి వస్తుందని పెద్దావిడ చెప్పారు. ఆవిడ నలభై దాటిన ట్రాన్స్ మహిళ, ఈ శిక్షణ మొత్తానికి ఆవిడే ప్రాణం. మొదట తీసిన చీటీల్లో ఒకటి ఇలా ఉంది: "రేణిగుంట దగ్గర రైలెక్కి డబ్బులు అడిగేవాళ్లను చూస్తే మాకు భయం వేస్తుంది. ఎందుకలా చేస్తారు? పని చేసుకోవచ్చు కదా?"

ఆవిడ కోపగించుకోలేదు, చప్పట్లు కొట్టి అడగడాన్ని సమర్థించనూ లేదు. ఎవరినైనా బెదిరించి డబ్బు తీసుకోవడం తప్పే అని ముందు చెప్పి, ఆ రైలు పెట్టె దాకా ఒక మనిషి ఎలా చేరుతుందో నల్లబల్ల మీద సుద్దముక్కతో మెట్లు మెట్లుగా గీస్తూ వివరించారు. తొమ్మిదో తరగతిలో నడకను, గొంతును తోటి పిల్లలు అనుకరిస్తుంటే బడి మానేస్తుంది. పదో తరగతి పాసు కాలేదు కనుక చేతిలో ఏ పత్రమూ ఉండదు. ఇంట్లో అన్నదమ్ములు కొడతారు, చెల్లెలికి సంబంధాలు రావని తల్లి ఏడుస్తుంది, ఒక రాత్రి ఇల్లు వదిలి చెన్నైకో బెంగళూరుకో వెళ్తుంది. అక్కడ ఎవరూ గది అద్దెకివ్వరు. చేరదీసేది గురువు, అంటే అక్కడి ట్రాన్స్ మహిళల బృందానికి పెద్ద, ఒక్కరే. గురువు ఇంట్లో అన్నం, తోడు దొరుకుతాయి. సంపాదనలో వాటా కూడా ఇవ్వవలసి ఉంటుంది. అలా ఒక్కొక్క తలుపూ మూసుకుపోయాక మిగిలేవి రైళ్లు, దుకాణాలు, శుభకార్యాల ఇళ్లు, లేదంటే రాత్రి రోడ్లు. "మాకు ఎవరైనా పని ఇచ్చి, మేం వద్దని ఉంటే, అప్పుడు ఈ ప్రశ్న మమ్మల్ని అడగండి నాయనా" అని ఆవిడ అన్నప్పుడు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక వరుసలో ఒక అమ్మాయి లేచి, "అక్కా, మీ అమ్మగారు ఇప్పుడు మీతో మాట్లాడతారా?" అని అడిగింది. ఫోనులో మాట్లాడతారని, ఊరి పండుగకు మాత్రం ఇంకా పిలవలేదని ఆవిడ చెప్పారు.

శరీరం గురించి, శస్త్రచికిత్స గురించి అడిగిన చీటీలు చాలానే వచ్చాయి. వాటన్నిటినీ ఒక పక్కన పేర్చి, "ఈ ప్రశ్న మీ మేడమ్‌ను అడగగలరా? అడగలేరు. నన్ను అడగవచ్చని ఎందుకు అనిపించిందో ఈ రాత్రి ఆలోచించుకుని రండి" అని బృందంలోని రెండో ట్రాన్స్ మహిళ, చిన్నావిడ చెప్పారు. ఆ తర్వాత వైద్యపరమైన విషయాలను సలహాదారు విడిగా, ఎవరి శరీరాన్నీ ఉదాహరణగా చూపకుండా వివరించారు. అందరూ శస్త్రచికిత్స కోరుకోరని, ఒకరి లింగ గుర్తింపును ఒప్పుకోవడానికి శస్త్రచికిత్స చేయించుకోవాలని పట్టుబట్టడం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) కేసు తీర్పులో చెప్పిందని, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో ట్రాన్స్‌జెండర్‌గా ఉండటం మానసిక రుగ్మతల జాబితాలో లేదని చెప్పారు. తెలుసుకోవలసినదంతా తెలిసింది, దాని కోసం ఎవరూ సభలో తలవంచుకోవలసి రాలేదు. ఈ రెండు పనులను విడదీసిన తీరు నాకు ఎంతో నచ్చింది. జీవశాస్త్రం బోధించే మా సహోద్యోగి కూడా ఈ పద్ధతిని తన తరగతిలో పాటిస్తానన్నారు.

మధ్యాహ్నం జరిగిన పత్రాల అభ్యాసం ఈ శిక్షణలో అన్నిటికన్నా విలువైన భాగం. విద్యార్థులను జట్లుగా విడగొట్టి, ఒక్కో జట్టుకు ఒక కవరు ఇచ్చారు. అందులో ఒక కల్పిత వ్యక్తికి సంబంధించిన నమూనా పత్రాలు ఉన్నాయి. పదో తరగతి మార్కుల మెమోలో అబ్బాయి పేరు, ఆధార్‌లో అమ్మాయి పేరు, రేషన్ కార్డులో అసలు పేరే లేదు. ఈ కవరుతో బ్యాంకు ఖాతా తెరవాలి, హాస్టల్ సీటుకు, ఉపకార వేతనానికి దరఖాస్తు చేయాలి, కళాశాల దగ్గరలో ఒక గది అద్దెకు తీసుకోవాలి. గది చుట్టూ బల్లలు వేసి, బ్యాంకు గుమాస్తాగా, వార్డెన్‌గా, ఇంటి యజమానిగా విద్యార్థులనే కూర్చోబెట్టి, వారి చేతికి నిబంధనల కాగితం ఒకటి ఇచ్చారు. గంట గడిచినా ఏ జట్టూ రెండో బల్ల దాటలేదు. బ్యాంకు గుమాస్తాగా కూర్చున్న బీకాం విద్యార్థి, "నేను ఎవరినీ తిట్టలేదు సార్, కాగితంలో ఉన్న ప్రకారమే వెనక్కి పంపాను" అని న్యాయవాదితో అన్నాడు. సాయంత్రం చర్చంతా ఆ మాట చుట్టూనే తిరిగింది. తిట్టేవాడు, కొట్టేవాడు మాత్రమే అన్యాయం చేస్తాడని అనుకున్న పిల్లలకు, మర్యాదగా మాట్లాడే మనిషి కూడా ఒక గడి నింపలేదన్న కారణంతో ఒకరి బతుకును ఆపేయగలడని ఆ గంటలో తెలిసింది.

తిరుపతి పిల్లలకు ఇది మరింత దగ్గరగా తగలడానికి ఒక కారణం ఉంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. శ్రీకాళహస్తి, చంద్రగిరి వైపు నుంచి వచ్చే మా విద్యార్థుల పాత పత్రాల్లో చిత్తూరు జిల్లా అనీ, కొత్త వాటిలో తిరుపతి జిల్లా అనీ ఉంటుంది. ఆ తేడా వల్ల కార్యాలయాల చుట్టూ తిరిగినవారు తరగతిలో చాలామందే ఉన్నారు. న్యాయవాది ఆ విషయాన్ని గుర్తు చేసి, జిల్లా పేరు మారినందుకే ఇంత తిరిగితే, పేరు, ఫొటో, లింగం మూడూ మారిన మనిషి ఎంత తిరగాలో లెక్క వేయమన్నారు. ప్రభుత్వ నిర్ణయం వల్ల వచ్చిన తేడాకు ఏ గుమాస్తా మనల్ని అనుమానంగా చూడడని, వారిని మాత్రం మోసగాళ్లలా చూస్తారని పెద్దావిడ జోడించారు.

చట్టం గురించి చెప్పిన భాగం మాత్రం హడావిడిగా సాగింది. 2019లో పార్లమెంటు చేసిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం 2020 జనవరి 10న అమల్లోకి రావడం, గుర్తింపు పత్రాన్ని జిల్లా కలెక్టరు జారీ చేసే విధానం, ట్రాన్స్‌జెండర్ అన్న కారణంగా బిడ్డను కుటుంబం నుంచి వేరు చేయకూడదన్న నిబంధన, విద్యాసంస్థలు వివక్ష చూపకూడదన్న నిబంధన, రాష్ట్రంలో నెలకు రూ.4,000 పింఛను, ఇవన్నీ అరగంటలో చెప్పేశారు. ఆ అరగంటలోనే రాజనీతిశాస్త్రం విద్యార్థిని ఒకరు శిక్షల సెక్షను చదివి, ట్రాన్స్ వ్యక్తుల మీద లైంగిక దాడికి కూడా ఆ చట్టంలో గరిష్ఠ శిక్ష రెండేళ్లేనా, మహిళపై అత్యాచారానికి కనీస శిక్షే పదేళ్లు కదా అని అడిగింది. ఎంతో పదునైన ప్రశ్న అది. అవును, ఆ తేడా మీద ట్రాన్స్ సమాజం మొదటి నుంచి అభ్యంతరం చెబుతూనే ఉందని న్యాయవాది రెండు వాక్యాల్లో చెప్పి ముందుకు వెళ్లిపోయారు. ఆ ఒక్క ప్రశ్న మీదే గంటసేపు చర్చ జరగవలసింది. పైగా విద్యార్థులకు పంచిన పుస్తకంలో మిగతా భాగమంతా చక్కని తెలుగులో ఉంటే, చట్టం భాగం మాత్రం ఇంగ్లీషు గెజిట్‌కు జిరాక్సు కాపీ. తెలుగు మాధ్యమం పిల్లలు దాన్ని తెరవలేదు. చట్టాలు, నిబంధనలు మారుతుంటాయి కనుక ఆ పేజీలను తెలుగులో రాసి, ఏ తేదీ నాటి సమాచారమో పైన వేసి, ఏటా సరిచూడాలి.

రెండో రోజు ఉదయం పెట్టిన నటన అభ్యాసాన్ని బృందం పూర్తిగా మానుకోవాలని నా అభిప్రాయం. "ఒక గంట ట్రాన్స్ మహిళగా ఉండి చూడండి" అని నలుగురు విద్యార్థులను ముందుకు పిలిచారు. మొదటి అబ్బాయి చున్నీ కప్పుకుని, సినిమాల్లో హాస్యం కోసం పెట్టే పాత్రల నడకనూ చప్పట్లనూ దించేశాడు. సభ పగలబడి నవ్వింది. ఆ అబ్బాయిలో చెడ్డ ఉద్దేశం లేదు. అతనికి తెలిసిన రూపం అదొక్కటే, నటించమంటే దాన్నే నటించాడు. ఏళ్ల తరబడి పోగయ్యే భయాన్ని, ఒంటరితనాన్ని గంట నటనలో పట్టుకోవడం అసాధ్యం. దానికి బదులుగా పాత వెక్కిరింతకే వేదిక మీద చోటు దొరుకుతుంది. కింద కూర్చున్నవారిలో తన గురించి ఎవరికీ చెప్పుకోలేని విద్యార్థి ఒక్కరున్నా, ఆ నవ్వు విన్నాక ఇక ఎన్నడూ నోరు విప్పరు. నన్ను ఎక్కువగా బాధించింది ఇదే.

చిన్నావిడ ఆ అభ్యాసాన్ని మధ్యలోనే ఆపారు. అబ్బాయిని మందలించకుండా కూర్చోమని, గంగమ్మ జాతరలో మీ ఇళ్లలో మగవాళ్లు ఎవరైనా వేషం వేశారా అని సభను అడిగారు. చాలా చేతులు లేచాయి. తాతయ్యగుంట గంగమ్మకు మొక్కుకుని మగవారు చీర కట్టి, పూలు ముడిచి, నగలు పెట్టుకుని వీధుల్లో నడవడం ఈ ఊరి పిల్లలకు పుట్టినప్పటి నుంచి తెలిసినదే. ఆడవాళ్లను చెరబట్టిన పాలెగాణ్ని వెతుకుతూ అమ్మవారు రోజుకొక వేషం ధరించిన కథ వారికి కంఠతా వచ్చు. "ఆ వారం రోజులు చీర కట్టుకున్న మగమనిషికి దారి ఇచ్చి దండం పెడతారు. జాతర అయిపోయిన మర్నాడు అదే వీధిలో నేను నడిస్తే ఈలలు వేస్తారు" అని ఆవిడ చెప్పారు. ఒక విద్యార్థి వెంటనే, "అయితే మీదీ అమ్మవారి వేషంలాంటిదే కదక్కా" అన్నాడు, గౌరవించే ఉద్దేశంతోనే. ఆవిడ ఒప్పుకోలేదు. మొక్కు తీరాక ఆ మగవాడు చీర విప్పి తన చొక్కా తాను తొడుక్కుంటాడని, తాను కట్టుకున్నది వేషం కాదని చెబుతూ, "నేను వేషం వేసింది బడికి ప్యాంటు, చొక్కా తొడుక్కుని వెళ్లిన రోజుల్లోనే" అన్నారు.

ఆ ఒక్క వాక్యం కోసమైనా ఈ శిక్షణను ప్రతి కళాశాలా పెట్టుకోవాలని నేను కోరుకుంటున్నాను. ఆచారంలో స్థానం ఉంది కనుక గౌరవించాలని చెప్పి ఊరుకుంటే పని సులువుగా అయిపోయేది, పిల్లలు కూడా సంతోషంగా ఒప్పుకునేవారు. దేవతగా మొక్కడమూ ఈల వేసి ఏడిపించడమూ రెండూ తనను పక్కింటి మనిషిగా చూడకపోవడమేనని ఆవిడ ఓపికగా, దాదాపు గంటసేపు మాట్లాడారు. తాను కోరేది పూజ కాదని, జాలి కాదని, పాలు కొనడానికి వెళ్తే పాలు ఇచ్చి చిల్లర ఇచ్చే మామూలు చూపు అని చెప్పారు.

అదే రోజు మధ్యాహ్నం సలహాదారు చేయించిన మరో అభ్యాసానికి పరిశోధన ఆధారం ఉంది. మిమ్మల్ని ఎవరైనా మీ కులం వల్లనో, రంగు వల్లనో, యాస వల్లనో, శరీరం వల్లనో తక్కువగా చూసిన సందర్భాన్ని గుర్తు చేసుకుని పక్కవారికి పది నిమిషాల్లో చెప్పండి, వినేవారు సలహా ఇవ్వకుండా వినండి అన్నారు. అమెరికాలోని మయామీలో కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి దాదాపు పది నిమిషాలు ఇలాంటి సంభాషణ జరిపితే ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల పట్ల విముఖత తగ్గిందని, ఆ మార్పు కనీసం మూడు నెలలు నిలిచిందని 2016లో 'సైన్స్' అనే పరిశోధన పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పింది. మాట్లాడిన కార్యకర్త ట్రాన్స్ వ్యక్తి అయినా కాకపోయినా ఫలితం కనబడింది. అంటే ఈ అభ్యాసాన్ని శిక్షణ పొందిన అధ్యాపకులు కూడా సొంతంగా చేయించవచ్చు, ప్రతిసారీ ఒక ట్రాన్స్ వ్యక్తి వచ్చి తన గాయాన్ని విప్పి చూపనవసరం లేదు. సలహాదారు ఈ మాటను నొక్కి చెప్పారు. మీ బాధ, వారి బాధ ఒకటే అనుకోవద్దని, మీ బాధ వారి మాట వినడానికి తలుపు మాత్రమేనని కూడా హెచ్చరించారు. ఆ హెచ్చరిక చాలా అవసరం, ఎందుకంటే కొందరు పిల్లలు తమ కథ చెప్పుకోవడంలోనే మునిగిపోయారు.

లోపాల్లో పెద్దది ట్రాన్స్ పురుషుల ప్రస్తావన దాదాపు లేకపోవడం. ఆడపిల్లగా పెరిగి, తాను మగవాడినని తెలుసుకున్నవారు రైళ్లలోనో కూడళ్లలోనో కనిపించరు. ఇల్లు దాటనివ్వరు, చదువు మాన్పించి పెళ్లి చేస్తారు. మా కళాశాలలో సగానికి పైగా అమ్మాయిలే ఉన్నారు. వారికి ఎదురయ్యే అవకాశం ఎక్కువగా ఉన్న ఈ అనుభవం గురించి పుస్తకంలో ఒక్క పేజీ, సలహాదారు మాటల్లో కొద్ది నిమిషాలు తప్ప ఏమీ లేదు. తిరుపతిలో ముందుకు వచ్చి మాట్లాడగల ట్రాన్స్ పురుషుడు దొరకలేదని బృందం చెప్పింది. ఆ కష్టం నాకు అర్థమైంది. కానీ ముఖం చూపనవసరం లేని ఒక గొంతు రికార్డింగు అయినా ఉండాలి.

అధ్యాపకుల కోసం ఉద్దేశించిన సమావేశాన్ని రెండో రోజు సాయంత్రం చివరి గంటకు నెట్టారు. అప్పటికి చాలామంది బస్సులకు వెళ్లిపోయారు. ఇది నిజానికి మొదటి రోజుకు ముందే జరగాలి. రేపు ఒక విద్యార్థి వచ్చి తన గురించి చెప్పుకుంటే వినవలసినది మేమే, హాజరు పట్టీలో పిలిచే పేరు మా నోటి నుంచి వచ్చేదే. ట్రాన్స్‌జెండర్ పిల్లల కోసం పాఠశాలల్లో ఏం చేయాలో చెప్పే ఉపాధ్యాయ శిక్షణ కరదీపికను ఎన్‌సీఈఆర్‌టీ (జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి) 2021లో విడుదల చేసి, విమర్శలు రాగానే కొద్ది రోజుల్లోనే తన వెబ్‌సైటు నుంచి తీసేసింది. కనుక ఈ విషయంలో మాకు పైనుంచి వచ్చిన దారిదీపం ఏదీ చేతిలో లేదు. అదే 2021లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ ఒక స్వలింగ జంట కేసులో తీర్పు చెప్పడానికి ముందు, తనకు ఈ విషయం తెలియదని బహిరంగంగా చెప్పి, ఒక మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చుని నేర్చుకుని, ఆ తర్వాతే తీర్పు రాశారు. హైకోర్టు న్యాయమూర్తి చేయగలిగిన పనికి అధ్యాపకులు ఒక పూట కేటాయించలేరా? ఈ ఉదంతం శిక్షణలో ఎక్కడా రాలేదు. అధ్యాపకుల సమావేశం దీనితోనే మొదలు కావాలని బృందానికి రాసి పంపాను.

ఫలితం గురించి పెద్ద మాటలు చెప్పను. రెండో రోజు సాయంత్రం మళ్లీ చీటీల పెట్టె తిప్పినప్పుడు వచ్చిన ప్రశ్నలు మాత్రం మారాయి. "హాస్టల్లో గది ఎవరితో ఇవ్వాలి?", "మా తమ్ముడిని ఇంట్లో కొడుతున్నారు, ఎవరికి చెప్పాలి?", "పేరు మార్చుకున్న స్నేహితురాలిని పొరపాటున పాత పేరుతో పిలిస్తే ఏం చేయాలి?" అని అడిగారు. తమ్ముడి గురించి రాసిన విద్యార్థి ఆ తర్వాత సలహాదారును విడిగా కలిశారు. మా దరఖాస్తు పత్రంలో స్త్రీ, పురుషుల గడుల పక్కన ట్రాన్స్‌జెండర్ వారికి మూడో గడి ఎప్పటి నుంచో ఉన్నా, ఆ గడిలో టిక్కు పెట్టి చేరినవారు వాడుకోవడానికి మరుగుదొడ్డి లేదని గమనించి, కింది అంతస్తులో ఒకదాన్ని అందరికీ వీలుగా మార్చమని విద్యార్థులే ప్రిన్సిపాల్‌కు వినతిపత్రం ఇచ్చారు. అది ఇంకా పరిశీలనలో ఉంది, నేను వెంటపడుతున్నాను.

ఈ శిక్షణ పెట్టుకోదలచిన కళాశాలలు కొన్ని ఏర్పాట్లు ముందే చూసుకోవాలి. వేదిక, మైకు ఉన్న సభామందిరం వద్దు, బల్లలు జరపడానికి వీలైన పెద్ద తరగతి గది కావాలి. గేటు దగ్గర కాపలాదారుకు ముందు రోజే విషయం చెప్పి, అతిథులను ఎవరూ ఆపకుండా, గుర్తింపు కార్డు అడిగి నిలబెట్టకుండా చూడాలి. మధ్యాహ్న భోజనం విడిగా పెట్టించకుండా అందరూ కలిసి తినేలా ఏర్పాటు చేయాలి. రుసుమును బిల్లుల పేరుతో నెలల తరబడి లాగకుండా రెండో రోజు సాయంత్రానికే చేతికివ్వాలి. నటన అభ్యాసం వద్దని, ఆ సమయాన్ని చట్టం చర్చకు ఇవ్వమని ముందుగానే అడగండి, వారు వింటారు. మేము వచ్చే విద్యా సంవత్సరం మొదటి నెలలోనే, మొదటి ఏడాది విద్యార్థుల కోసం మళ్లీ పిలుస్తున్నాం. అధ్యాపకుల సమావేశం ఈసారి అంతకు ముందు శనివారం పూర్తి పూట జరుగుతుంది.